ఎనభై దాటితే వణికిన కారు

మొన్న నరసరావుపేట నుంచి మాచర్ల వైపు పోతుంటే నా కారు స్టీరింగు వణికింది. ఎనభై దాకా బాగానే ఉంది. ఎనభై ఐదు దగ్గర వేళ్ళలో సన్నగా మొదలై, తొంభై వచ్చేసరికి మోచేతుల దాకా పాకింది. పక్కన కూర్చున్న మా ఆవిడ "ఏందండీ ఇది, పక్కకి ఆపండి" అంది. నేను ఆపలేదు. ఆపలేకపోయానంటే నిజం. రోడ్డు మీద కారు వణికితే ఆపకూడదని, ఇంకా గట్టిగా తొక్కాలని మా ఇంట్లో నేర్పారు. అరవై దాటినవాణ్ణి, ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, వెనకాల తరిమేవాడంటూ ఎవడూ లేని రోడ్డు మీద నూట పది దాకా తొక్కాను. అక్కడ వణుకు తగ్గింది. అప్పటికి మా ఆవిడ ఏడుస్తోంది. అప్పుడు ఆపాను.

గురజాలలో చక్రాలు బ్యాలెన్సింగ్ చేసే షాపు కనిపిస్తే లోపలికి పోనిచ్చాను. షాపు నడిపే కుర్రవాడు నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. నాలుగు చక్రాలూ విప్పి, ఒక్కొక్కటీ మిషనుకి తగిలించి తిప్పాడు. "ముందర ఎడమది ముప్పై ఐదు గ్రాములు తేడా ఉంది సార్" అని ఆ బరువుకి సరిపడా చిన్న సీసం బిళ్ళ ఒకటి అంటించాడు. పావుగంటలో పని అయిపోయింది. షాపు మూలన ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. గళ్ళ లుంగీ, తెల్లటి గడ్డం, మోకాళ్ళ మీద తువ్వాలు. నా వంక చాలాసేపు చూసి, "ఎంతలో వణికింది?" అని అడిగాడు. ఆ గొంతు విన్నాక ముఖం గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు. మస్తాన్ మామ. ఈ జిల్లాలో ఒకప్పుడు కారున్న ప్రతివాడూ భయపడి, బతిమాలి, తెచ్చుకున్న మెకానిక్కు. ఆ కుర్రవాడు ఆయన మనవడట. ఆయన బతికే ఉన్నాడని నాకు తెలియదు. నిజం చెప్పాలంటే, తెలుసుకోవాలని నేనెన్నడూ అనుకోలేదు.

మా ఊరు గురజాలకి దగ్గర్లోనే. ఊళ్ళో రెండు పార్టీలు, రెండు ఇళ్ళు. ఒకటి మాది. ఇంకొకటి ఎవరిదో మా ఇంట్లో పేరు పెట్టి అనేవాళ్ళు కాదు, "అవతలోళ్ళు" అనేవాళ్ళు, అంతే. గొడవ ఏ గట్టు దగ్గర మొదలైందో, ఏ ఎన్నికల్లో ముదిరిందో చెప్పమంటే ఎవరికి వాళ్ళు వేరే కథ చెప్పేవాళ్ళు. నాకు ఊహ తెలిసేసరికి మా వాకిట్లో పొద్దున్నే పది పదిహేను మంది మనుషులు కూర్చుని టీలు తాగుతూ, గొడ్డళ్ళు పక్కన పెట్టుకుని, మామూలుగా మిరప తోటల సంగతులు మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. అదొక వింత అని నాకు తెలియలేదు. నరసరావుపేట కాలేజీలో చేరాక, తోటివాళ్ళ ఇళ్ళకి పోతే వాకిట్లో ఎవరూ లేకపోవడం చూసి, వీళ్ళకి చుట్టాలు లేరా అనుకున్నాను.

మా పెదనాన్న చావు నేను చూశాను. అప్పుడు నాకు పదేళ్ళు. ఆయన జీపులో ఊళ్ళోకి వస్తుంటే, కాలవ కల్వర్టు దగ్గర ముందు చక్రం ఊడిపోయింది. రాత్రికి రాత్రి ఎవరో వచ్చి నట్లు వదులు చేసి పోయారని తర్వాత తేలింది. జీపు గట్టుకి ఒరిగింది. పెదనాన్న దిగే లోపలే జొన్న చేలోంచి వాళ్ళు లేచారు. నేను మా నాయనతో వెనక ఎడ్లబండిలో వస్తున్నాను. నాయన నన్ను బండిలో గడ్డి కిందకి తోసి, మీద కూర్చున్నాడు. ఆయన బరువు కింద ఊపిరాడక నేను గింజుకుంటుంటే గొడ్డలి దెబ్బలు వినిపించాయి. నేను లెక్కపెట్టలేదు. నాయన పెట్టాడు. తర్వాత ఆయన ఎవరికి చెప్పినా "పదిహేడు" అనే చెప్పేవాడు. ఆ పదిహేడు దెబ్బలూ పడుతున్నంతసేపూ ఆయన నా మీంచి లేవలేదు. దానికి ఆయన్ని ఎవరూ తప్పు పట్టలేదు, కానీ ఆయన తనని తాను ఎన్నడూ వదిలిపెట్టలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో కారు కొన్నారు. తెల్లకారు. అది వచ్చిన రోజే నాయన చక్రాలకున్న మెరిసే కప్పులు నాలుగూ పీకించేశాడు, నట్లు ఎప్పుడూ కళ్ళకి కనపడుతుండాలని. ఇక మా నాయనమ్మ ఒక పని పెట్టుకుంది. ఆవిడకి తమలపాకుల అలవాటు. ఒళ్ళో ఎప్పుడూ సున్నపు డబ్బా ఉండేది. సాయంత్రం కారు ఇంటికి చేరగానే ఆవిడ పీట వేసుకుని ఒక్కో చక్రం దగ్గర కూర్చుని, చూపుడు వేలికి సున్నం తీసుకుని, ప్రతి నట్టు మీద నుంచి రిమ్ము మీదకి ఒక గీత గీసేది. చక్రానికి అయిదు, మొత్తం ఇరవై గీతలు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వచ్చి చూసేది. నట్టు ఏ మాత్రం తిరిగినా గీత తెగిపోతుంది. గీతలన్నీ కుదురుగా ఉంటేనే నాయన కారెక్కేవాడు. ఆవిడ వేలి గోరు ఎప్పుడో రోకలి కింద పడి మధ్యకి చీలింది. అందుకని ఆవిడ గీసిన గీత మధ్యలో వెంట్రుక మందాన ఖాళీ ఉండేది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. ఆవిడకి మాత్రం తెలుసు.

ఆ కారు లోపలి వాసన ఇప్పటికీ నా ముక్కుకి గుర్తే. పెట్రోలు, చుట్ట పొగ, అన్నిటికీ పైన కారం. ముందు అరలో గుప్పెడేసి కారం కట్టిన గుడ్డమూటలు నాలుగు ఎప్పుడూ ఉండేవి. మీద పడ్డవాడి కళ్ళలో కొట్టడానికి. ఎండాకాలం అద్దాలు ఎత్తి కూర్చుంటే తుమ్ములు ఆగేవి కావు. సీటు కింద వేటకొడవలి గోనెలో చుట్టి ఉండేది, కాళ్ళు పెట్టుకోవడానికి చోటుండేది కాదు. కల్వర్టు దాటేప్పుడు ఎనభైకి తక్కువ పోకూడదని, బ్రేకు మీద కాలు పెట్టకూడదని, అడ్డం వచ్చింది ఏదైనా సరే ఆగకూడదని నాయన ఆజ్ఞ. ఒకసారి గేదె దూడ అడ్డం వచ్చింది. కారు ఆగలేదు. అద్దం మీద రక్తం పడితే వైపర్ వేసుకుని పోయాం. మా అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. నాయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆ కారు తోలేవాడు కోటయ్య. నా కన్నా పదిహేనేళ్ళు పెద్దవాడు. నేను "కోటయ్యా" అనే పిలిచేవాణ్ణి, అతను నన్ను "చినబాబూ" అనేవాడు. అప్పట్లో అది ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించేది కాదు, నాకూ అనిపించలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కుడి చెయ్యి స్టీరింగు మీద వేస్తే ఆ చెయ్యి అక్కడే పుట్టిందా అన్నట్టుండేది. నాకు కారు తోలడం నేర్పింది అతనే. "స్టీరింగుని పిసక్క చినబాబూ, ఊరికే పట్టుకో. అదే చెప్పుద్ది ఏం కావాలో" అనేవాడు. తాళంచెవి ఎప్పుడూ అతని మొలతాడుకే ఉండేది. నాయనకి తప్ప ఎవరికీ ఇవ్వకూడదు. నాకు రెండు మూడుసార్లు ఇచ్చాడు, నేను బతిమాలితే, నవ్వుతూ.

కాలేజీలో నాకు శీను అని ఒక స్నేహితుడు. ఒకే బెంచీ, ఒకే హాస్టలు గది. మొదటి ఏడాది సగం గడిచాక తెలిసింది, వాడు అవతలోళ్ళ మేనల్లుడని. ఆ సంగతి తెలిసిన రోజు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత వాడు "ఇడ్లీ తిందాం పదరా" అన్నాడు. అంతటితో సరిపోయింది. డిగ్రీ ఆఖరి ఏడాది వానాకాలంలో వాడు నూజెండ్ల దగ్గర వాళ్ళ ఊరికి పోయి తిరిగి రాలేదు. చదువు మానేసి మామయ్య మనుషుల్లో చేరుతున్నానని ఉత్తరం రాశాడు. ఆ మనుషులు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. నేను సెలవుకి ఇంటికొచ్చిన సమయానికి నాయన కోర్టు వాయిదాకి ప్లీడరు కారులో గుంటూరు పోయి ఉన్నాడు. కోటయ్యని తాళం అడిగాను. ఎక్కడికి అని అతను అడగలేదు. "జాగర్త చినబాబూ, దారి బురదగా ఉంది" అన్నాడు.

దారి నిజంగానే బురద. మా ఊరిది ఎర్ర గరప నేల, ఎంత వాన పడ్డా గంటకి ఆరిపోతుంది. అటువైపు అంతా నల్లరేగడి. శీను ఊరి పొలిమేరలో కారు రెండుసార్లు దిగబడింది. దిగబడిన చోట చక్రాలు తిరిగి తిరిగి రేగడిని రిమ్ముల్లోకి పూర్తిగా మింగాయి. శీనుని పొలంలోనే కలిశాను. వాణ్ణి తిట్టాను, కాలరు పట్టుకున్నాను, వాడు నన్ను కొట్టాడు, నేనూ కొట్టాను. చివరికి ఇద్దరం బురదలో కూర్చుని ఏడ్చాం. వాడు మళ్ళీ కాలేజీకి వచ్చాడు. ఇప్పుడు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై మనవళ్ళని ఆడించుకుంటున్నాడు. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అది ఆ రోజు చేసిందే. దాని ఖరీదు నేను కట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు సాగర్ కాలవలో కారు కడిగాను. పైపైన అద్దంలా కడిగాను. చక్రాల లోపలి వైపు, నేలకి తప్ప మనిషి కంటికి కనపడని చోట, రేగడి ఆరి గట్టిపడుతోందని నాకు తట్టలేదు. ఇంటి దగ్గరికి వచ్చాక చూస్తే నట్ల మీద సున్నపు గీతలు లేవు. బురదతో పాటు అవీ పోయాయి. నాయనమ్మ నిద్రపోతున్న సమయంలో ఆవిడ డబ్బాలోంచి సున్నం తీసి, నా వేలితో ఇరవై గీతలూ మళ్ళీ గీశాను. గీస్తుంటే నా తెలివికి నాకే ముచ్చటేసింది.

నాయన ఊళ్ళో లేడు గనక ఆ పూట నాయనమ్మ కారు జోలికి రాలేదు. మర్నాడు నాయన గుంటూరు నుంచి వచ్చి, గీతలు తనే ఒకసారి చూసుకుని కారెక్కాడు. కల్వర్టు దగ్గర కోటయ్య ఎనభైకి తొక్కేసరికి స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. నేను వెనక సీట్లో ఉన్నాను. కోటయ్య చేతులు రెండూ ఊగిపోతున్నాయి. నాయన కొడవలి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆపొద్దు, ఆపొద్దు" అని అరుస్తూనే ఉన్నాడు. జొన్న చేల వైపు చూస్తున్న ఆయన మొహం నేనంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. చక్రం ఊడలేదు. కారు వెనక్కి తిప్పి ఇల్లు చేరాం. నాయనమ్మని పిలిచి నట్లు చూడమన్నాడు. ఆవిడ వంగి, ఒక్కో గీతా వేలితో తడిమి, నెమ్మదిగా లేచింది.

"గీతలున్నయ్యి. కానీ ఇది నా వేలు కాదు," అంది.

వాకిట్లో కూర్చున్న మనుషులందరూ లేచి నిలబడ్డారు. ఎవరో చక్రాల మీద చెయ్యి వేశారు, గీతలు తుడిచారు, మళ్ళీ గీశారు. తాళం ఒక్కడి దగ్గరే ఉంది. వాళ్ళలో ఒకడు కోటయ్య చెంప మీద కొట్టిన దెబ్బకి అతను కారు తలుపుకి తగిలి కింద పడ్డాడు. "ఎంత తిన్నావురా వాళ్ళ కాడ? ఎవుడికిచ్చావ్ తాళం?" అని కాళ్ళతో తన్నారు. కోటయ్య "ఎవురికీ ఇవ్వలా" అన్నాడు. తన్నులు పడుతుండగానే తల తిప్పి నా వంక చూశాడు. నేను గుమ్మం పక్కన ఉన్నాను. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం లేదు. నేను మాట్లాడతానని ఎదురు చూస్తున్నాడు, అంతే. నేను మాట్లాడలేదు. అవతలోళ్ళ మేనల్లుడి కోసం పోయానంటే శీనుకి ప్రమాదమని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాటలో ఉన్న నిజం చాలా కొంచెం. ఆ కాళ్ళు నా మీదకి తిరుగుతాయని భయపడ్డాను.

నాయన అడ్డం వచ్చి, "ముందు మస్తాన్‌కి చూపిద్దాం. ఏం చేశారో తేలనియ్" అన్నాడు. కారు నెమ్మదిగా తోలుకుంటూ, కోటయ్య చేతులు కట్టి జీపులో పడేసి, అందరం గురజాల షెడ్డుకి పోయాం. మస్తాన్ మామ అప్పుడు నలభై ఏళ్ళ మనిషి. చేతులకి గ్రీజు తుడుచుకుంటూ వచ్చి, జీపులో రక్తం కారుతున్న మనిషిని చూసి, చూడనట్టు ఉండిపోయాడు. నాయనని మాత్రం వరసగా అడిగాడు. ఎంతలో వణుకుతుంది? నెమ్మదిగా పోతుంటే ఉందా? బ్రేకు తొక్కితే పెరుగుతుందా? చేతుల్లోనే ఉందా, సీటు కింద కూడానా? శబ్దం ఏమన్నా వస్తుందా? నాయన చెప్పినవి విని, "మీరొక్కళ్ళే రండయ్యా, ఒకసారి తోలి చూస్తా" అన్నాడు. ఇద్దరూ కారెక్కి మాచర్ల రోడ్డున పోయారు. అరగంట దాకా రాలేదు. ఆ అరగంటలో షెడ్డులో ఎవరూ కోటయ్యని ముట్టుకోలేదు. ఒకడు నీళ్ళు కూడా పట్టాడు. నాకు ధైర్యం వచ్చింది. అంతా సర్దుకుంటుందనుకున్నాను.

నాయన తిరిగొచ్చి దిగాడు. ఎవరి వంకా చూడకుండా, "అడగండి వాణ్ణి" అన్నాడు.

మస్తాన్ మామ జాకీ తెచ్చి ముందు చక్రం లేపడం మొదలుపెట్టాడు. చాలా నిదానంగా లేపాడు. ఒక్కో నట్టూ విప్పి, తుడిచి, పళ్ళెంలో పెట్టాడు. అటు పక్క కోటయ్య కట్లు విప్పి, కుడి చెయ్యి తెచ్చి తెల్లకారు బానెట్ మీద చాపి పట్టుకున్నారు. ఇద్దరు భుజం పట్టుకుంటే ఒకడు వేళ్ళు పట్టుకున్నాడు. ఇంకొకడు చక్రాలు విప్పే ఇనప పానా తీసుకున్నాడు. "ఎవుడికిచ్చావ్?" "ఎవురికీ ఇవ్వలా." మొదటి దెబ్బకి మణికట్టు దగ్గర విరిగింది. ఆ చప్పుడు బానెట్ రేకులో మోగింది. కోటయ్య అరిచిన అరుపుకి రోడ్డవతల టీ కొట్టు దగ్గర మనుషులు లేచి, మళ్ళీ కూర్చున్నారు. "ఎవుడికి?" రెండో దెబ్బ వేళ్ళ మీద. మూడోది ఎక్కడ పడిందో నేను చూడలేదు, కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అతని మొహం నా వైపే ఉంది. నోట్లోంచి చొంగ, రక్తం. ఇంకా నా వంకే చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళవాణ్ణి, చదువుకున్నవాణ్ణి, నాలుగు అడుగుల దూరంలో నిలబడి నేను నా చెప్పుల వంక చూసుకున్నాను.

అప్పుడు చక్రం ఊడి వచ్చింది. మస్తాన్ మామ దాన్ని బోర్లేసి ఉలితో కొడితే లోపలి నుంచి నల్లటి గట్టి పెళ్ళలు రాలిపడ్డాయి. "మట్టి! ఒట్టి మట్టయ్యా! ఎవుడూ ఏం చెయ్యలా!" అని కేకేశాడు. పానా పట్టుకున్నవాడు ఆగిపోయాడు. నాయన వచ్చి ఆ పెళ్ళల వంక చూశాడు. "వానాకాలం గదా, ఎక్కడో అంటుకుని ఉంటది" అన్నాడు. ఎవరో గీతల సంగతి ఎత్తితే, "మా అమ్మకి కళ్ళు సరిగ్గా ఆనటంలా" అన్నాడు. ఆ మట్టి ఏ రంగుదో, మా పొలాల్లో లేనిది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కడూ అడగలేదు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. సిగ్గు లేకుండా పెట్టుకున్నాను.

కోటయ్య చెయ్యికి కట్టు కట్టించారు. ఎముకలు అతికాయి గానీ వంకరగా అతికాయి. ఇక స్టీరింగు పట్టలేడు, కారు తోలలేడు. ఆర్నెల్లకి నాయన ఊరందరి ముందూ అతని భుజం మీద చెయ్యి వేసి, "తెలియక జరిగిందిరా కోటయ్యా" అన్నాడు. అంత పెద్దమనిషి అంత మాట అనడం ఎవరూ వినలేదు. కోటయ్య ఏడ్చాడు. గురజాల బస్టాండు దగ్గర సైకిల్ షాపు పెట్టుకుని, వచ్చిన వాడికల్లా అదే చెప్పేవాడు, పెద్దయ్య తెలియక చేశాడు, తెలిశాక నా భుజం పట్టుకున్నాడు అని. నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు. నేను గురజాల మీదుగా పోవాల్సి వస్తే బస్సులో బస్టాండుకి ఎదురు వైపు కూర్చునేవాణ్ణి. నాయన మంచాన పడి పోయాడు, కత్తి వల్ల కాదు. మా వాకిలి ఖాళీ అయింది. ఆ రెండు ఇళ్ళ పిల్లలూ ఇప్పుడు ఒకే స్కూలు బస్సెక్కుతారు. తిట్టుకోవాలంటే ఫోన్లలో తిట్టుకుంటారు. చక్రాల మీద సున్నం గీసే ముసలమ్మలు ఎక్కడా లేరు. కాలం మారిందని మా ఆవిడ అంటుంది. నా మటుకు నాకు, మారినదాంట్లో నా చెయ్యి ఏమీ లేదు.

ఇన్నేళ్ళూ నేను ఒక కోపం దాచుకున్నాను. మొన్న ఆ షాపులో మస్తాన్ మామ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని అదే బయటపెట్టాను.

"మామా, ఆ రోజు నువ్వు ఆ చక్రం ఒక్క నిమిషం ముందు విప్పి ఉంటే కోటయ్య చెయ్యి మిగిలేది."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "విప్పాల్సిన పనేముందిరా అబ్బాయ్. రోడ్డెక్కిన అయిదు నిమిషాలకే నాకు తెలిసింది. నట్లు వదులైతే ముప్పైలోనే కొట్టుకుంటది. బ్రేకు తొక్కితే వణకలా, అంటే డ్రమ్ములు బాగున్నయ్. ఎనభైలో వచ్చి తొంభై అయిదులో పోయిందంటే చక్రంలో బరువు ఒక పక్కకి కూచుందని. మట్టయ్యా, ఎవుడూ చెయ్యి పెట్టలా అని మీ నాయనకి కార్లోనే చెప్పా."

ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"ఆపమన్నాడు. దిగి రిమ్ము లోపల ఏలు పెట్టి గోకాడు. రేగడి. 'తాళం కోటయ్య ఇస్తే గిస్తే ఒక్కడికే ఇస్తాడు' అన్నాడు. నూజెండ్ల కాడ నీతో చదివే కుర్రోడున్నాడంట గదా, అదీ తెలుసు ఆయనకి. రోడ్డు పక్కన గొంతుక్కూచుని చానాసేపు లేవలా. లేచి ఏమన్నాడంటే, 'మావాడి పేరు బయటికొస్తే మనోళ్ళే వాణ్ణి నరుకుతారు. ఎవుణ్ణీ ఏమీ అనకుండా పోతే, రేపు నా కారు ఎవుడైనా ముట్టుకోవచ్చనుకుంటారు. కోటయ్యకి చెయ్యి పోద్ది, అంతే. నువ్వు చక్రం నిదానంగా విప్పు' అన్నాడు."

"నువ్వేం చేశావు మామా?"

"నిదానంగా విప్పా," అన్నాడు మస్తాన్ మామ.

ఆయన మీద నాకు కోపం రాలేదు. రావడానికి నాకు అర్హత లేదు. నాయన మీద వచ్చింది, చచ్చిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు తెలియదు. నన్ను గడ్డి కిందకి తోసి మీద కూర్చున్న మనిషే, ఆ రోజు మళ్ళీ నా మీద కూర్చున్నాడు. ఈసారి దెబ్బలు తినేవాణ్ణి కూడా ఆయనే ఎంచి పెట్టాడు. కోటయ్య ఎక్కడున్నాడని అడిగితే మస్తాన్ మామ వీధి చెప్పాడు. మా ఆవిడ "ఇంత కాలమయ్యాక ఇప్పుడెందుకండీ, ఆయన ప్రశాంతంగా ఉంటే ఉండనివ్వండి" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. ఇంకోసారి నోరు మూసుకోవడానికి అది మంచి సాకు కూడా. ఆవిడని కారులోనే కూర్చోమని నేను నడిచి పోయాను.

రెండు గదుల ఇల్లు. కోటయ్య వరండాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తడుముకోకుండా "చినబాబూ, రా" అన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో వంకరగా పడి ఉంది. లోపల గోడ మీద, దేవుడి పటాల పక్కన, మా నాయన ఫోటో. దానికి పూలదండ తాజాగా ఉంది. అది చూశాక నా కాళ్ళు వెనక్కి లాగాయి. అతనికి ఆ చెయ్యికి బదులు మిగిలిందల్లా ఆ ఒక్క మాటే, తెలియక చేశాడన్న మాట. నేను దాన్ని కూడా లాక్కోవడానికి వచ్చాను.

"కోటయ్య మామా," అన్నాను. జన్మలో మొదటిసారి అలా పిలిచాను. మస్తాన్ చెప్పిందంతా చెప్పాను. ఒక్క ముక్క కూడా మెత్తన చెయ్యకుండా చెప్పాను. నేను పక్కనే ఉండి నోరు తెరవలేదని కూడా చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు.

"కార్లోనే తెలుసా ఆయనకి?" అన్నాడు చివరికి.

"తెలుసు."

"నా చెయ్యి ఇరగ్గొట్టకముందే?"

"ముందే."

కోటయ్య లేచి నిలబడ్డాడు. వయసు మీద పడినా అదే పొడుగు. ఎడమ చేత్తో నా చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకి నా కళ్ళద్దాలు ఎగిరి వాకిట్లో పడ్డాయి, నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. లోపలి నుంచి వాళ్ళావిడ పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇది మీ నాయనకి," అన్నాడు రొప్పుతూ. "ఆయన లేడు గాబట్టి నీకు పడింది."

నేను ఇంకో చెంప చూపించాను. "నాకు పడాల్సింది కూడా కొట్టు మామా."

అతను నా వంక చూశాడు. ఆ రోజు బానెట్ మీద నుంచి చూసినట్టు కాకుండా, ఇక ఎదురుచూసేది ఏమీ లేనట్టు చూశాడు. మంచం మీద కూర్చుని, వంకర చెయ్యిని రెండో చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కొట్టను," అన్నాడు. "కొడితే నీకు తేలికైపోద్ది. పో."